ఖాదర్ భాయ్ హౌజులో నా మోకాలు

ఈమధ్య నా దగ్గరికి మోకాళ్ళ వాళ్ళు వస్తున్నారు. మొన్న ఒకాయన రాజంపేట నుంచి బస్సు దిగి, కర్ర పట్టుకుని, మా వీధి అడుగుతూ వచ్చాడు. "నీళ్లల్ల నడిస్తె కాలు మంచిగైందట గద నీకు, నిజమేనా?" అన్నాడు. నిజమే అన్నాను. ఆయన నమ్మలేదు. రెండు మోకాళ్ళూ చూపించమని, ఏది కోసిన కాలో తేల్చుకుని, గాటు మీద వేలితో నొక్కి మరీ చూశాడు. నాకు కోపం రాలేదు. ఆయన చోట నేనుంటే పక్కింటి వాళ్ళను కూడా అడిగి వెళ్ళేవాణ్ణి.

అందుకే ఇది రాస్తున్నాను. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. పైగా చెప్పేటప్పుడు కొన్ని సంగతులు మింగేస్తున్నానని మా ఆవిడ సుగుణ అంటోంది. రాస్తే మింగడం కష్టమట.

నా పేరు నర్సింలు. ఎల్లారెడ్డిలో లైన్‌మన్‌ను. కరెంటు స్తంభాలు ఎక్కడం నా పని. ఈ పనిలో అనుమానం లేనివాడు ఎక్కువ కాలం ఉండడు. "కరెంటు బంద్ చేసినం, ఎక్కు" అని సబ్‌స్టేషన్ నుంచి కబురు వస్తుంది. సరే అంటాను కానీ నమ్మను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళి, మూడు ఫీజులూ నా చేత్తో పీకి, తువ్వాలలో మూట కట్టి మెడలో వేసుకుని, అప్పుడు ఎక్కుతాను. ఫీజులు నా మెడలో ఉన్నంతసేపూ ఎవరు ఏ స్విచ్ వేసినా నాకేం కాదు. పద్దెనిమిదేళ్ళు ఇలాగే బతికాను. ఆ అలవాటు స్తంభం దగ్గరే ఆగిపోతే బాగుండేది, ఇంటికి కూడా వచ్చింది. పాలు పోసేవాడి మాట, బస్సు కండక్టరు మాట, డాక్టరు చీటీ, అన్నీ నాకు కరెంటు తీగల్లాగే కనిపిస్తాయి.

జూన్, జూలై

తొంభై రెండో సంవత్సరం, తొలి వానలు పడ్డ రోజులు. ఊరి బయట ఒక స్తంభం మీద పని ముగించి దిగుతున్నాను. ఇంకా మూడడుగులు ఉందనగా దూకాను. అంతకుముందు ఎన్ని వందల సార్లు అలా దూకి ఉంటానో. ఈసారి నల్లరేగడి నాని ఉంది. కుడి పాదం మట్టిలో దిగబడిపోయింది, ఒళ్ళు మాత్రం పక్కకు తిరిగింది. మోకాలి లోపల టప్‌మని ఏదో తెగింది. ఆ చప్పుడు కింద నిలబడ్డ సత్యానికి కూడా వినిపించింది. సత్యం నాతో పాటే ఉద్యోగంలో చేరినవాడు. "అన్నా, తీగ తెగిందా?" అని పైకి చూశాడు.

మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ బిచ్కుందకు తీసుకుపొమ్మని పట్టుబట్టింది. అక్కడ కట్టు కట్టే ముసలాయన మరాఠీలో ఏదో గొణుగుతూ, గుడ్డుసొన, ఆకు పసరు పూసి వెదురు బద్దలతో బిగించాడు. మూడు వారాలకు వాపు తగ్గింది. అయితే నాలుగడుగులు వేస్తే చాలు, గొళ్ళెం ఊడిన తలుపులా మోకాలు పక్కకు జారేది.

చివరికి కామారెడ్డి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నా కాలు మడిచి, పిక్క పట్టుకుని ముందుకు లాగి చూశాడు. ఎముకకు ఏమీ కాలేదని, రెండు ఎముకలను కలిపి పట్టే కట్టు లోపల తెగిందని, హైదరాబాద్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమని చెప్పాడు. ఎక్స్‌రే చూస్తే ఎముక నిక్షేపంగా ఉంది. ఎక్స్‌రేకు కనిపించనిది ఈయన చేతికి ఎలా తెలిసిందని నా అనుమానం. హైదరాబాద్ డాక్టరు ఈయనకు చుట్టమేమో అని కూడా అనుకున్నాను. సుగుణను అడిగితే, "చుట్టమైతే ఏంది, కాకుంటే ఏంది? నీకు నడుసుడు గావాల్నా వద్దా?" అంది.

ఆగస్టు

ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది తక్కువ. చల్లటి గది, తెల్లటి లైట్లు, నడుముకు సూది. ఆ లైట్లు ఏ స్విచ్ మీద ఉన్నాయో, మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారో అడిగాను. ఎవరో నవ్వారు.

మర్నాడు డాక్టరు సుగుణను వరండాలోకి పిలిచాడు. తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. ఆయన మాట్లాడుతున్నాడు, ఈమె తల ఊపుతోంది. చాలాసేపు ఊపింది. లోపలికి వచ్చాక, ఏమన్నాడని అడిగాను.

"మంచిగైతదన్నడు."

"గంతసేపు గదొక్కటే అన్నడా?"

"గదొక్కటే అన్నడు. పండుకో."

ఒక్క మాటకు ఎవరూ అంతసేపు తల ఊపరు. ఆ రోజు నుంచి రెండు నెలలు నేను ఆమె ముఖం చదవడమే పనిగా పెట్టుకున్నాను. ఆమె చారులో ఉప్పు మరిచిపోయినా, బావి దగ్గర ఆలస్యమైనా, నా కాలు సంగతి ఏదో దాస్తోందనే అనుకునేవాణ్ణి. పాపం, నన్ను లేపి, కూర్చోబెట్టి, దొడ్డికి తీసుకుపోయి, మళ్ళీ పడుకోబెట్టి ఆమె నడుము పట్టేసింది. ఆ నడుము పట్టుకున్నప్పుడు వచ్చే మూలుగు కూడా నాకు ఏదో రహస్యంలా వినపడేది.

మా లైన్ ఇన్‌స్పెక్టరు చూడటానికి వచ్చాడు. మంచి మాటలు చెప్పి, లేచేటప్పుడు అసలు మాట చెప్పాడు. "ఫిబ్రవరి నడుమ దాక సెలవున్నది. అప్పటికి స్తంభమెక్కి సూపియ్యాలె నర్సింలు. ఎక్కకపోతివా, సబ్‌స్టేషన్ల కుర్సీ ఏస్త. కూసోని ఫోనెత్తు."

ఆయన దయగానే అన్నాడు. కానీ కుర్చీలో కూర్చుని, ఇంకొకడితో "కరెంటు బంద్ చేసినం, ఎక్కు" అని చెప్పడం! అలా చెప్పేవాళ్ళను నేను ఒక్కసారి కూడా నమ్మలేదు. ఇప్పుడు నేనే వాళ్ళలో ఒకడిని కావాలా? రోజూ పొద్దున నా సెక్షన్ స్తంభాలు ఎవరు ఎక్కుతున్నారని వాకబు చేశాను. సత్యం ఎక్కుతున్నాడట. అంతే, సత్యం వచ్చి పలకరిస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు అతను రావడం మానేశాడు. ఆఫీసు కబుర్లు కూడా దాంతో ఆగిపోయాయి.

సెప్టెంబరు, కామారెడ్డి

గాటు మానింది కానీ కాలు నాది కాదు. తొడ సన్నబడి, ఎడమ తొడ పక్కన పెడితే ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. వారానికి మూడుసార్లు బస్సులో కామారెడ్డికి వెళ్ళి ఎక్సర్‌సైజులు చేయాలి. ఆ గది ముందు వరండాలో రెండు బెంచీలు. గోడకు చర్మం ఒలిచిన మనిషి బొమ్మ ఒకటి, కండలన్నీ ఎర్రగా చూపిస్తూ నవ్వుతున్నట్టు ఉండేది. గంటలకొద్దీ దాని ఎదురుగా కూర్చునేవాణ్ణి. చర్మం లేనివాడికి నవ్వెందుకో నాకు అర్థం కాలేదు.

ఒకరోజు నేను కాలు చాపడానికి చోటు లేక అవస్థ పడుతుంటే, బీర్కూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. తన గొంగడి మడిచి నా మడమ కింద పెట్టాడు. "జాపుకో బిడ్డా. నా నొప్పి బుజానికి. నాకు నిలవడ్డా కూసున్నా ఒక్కటే" అన్నాడు. నేను తల ఊపి, వెంటనే చొక్కా జేబు తడుముకున్నాను. జేబులో ఉన్నది డాక్టరు చీటీ ఒక్కటే. తడుముకోవడం ఆయన చూశాడు. అయినా తర్వాతి వారం కూడా అదే గొంగడి మడిచి పెట్టాడు. ఆయన పేరు నేను అడగలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

లోపల ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయికి పాతికేళ్ళు ఉండవు. గుంటూరు వైపు నుంచి వచ్చింది, అందరినీ అండీ అంటుంది. అంతకుముందు నన్ను అండీ అన్నవాళ్ళు కొత్త కనెక్షన్ కోసం వచ్చినవాళ్ళే. కాబట్టి ఈమెకు కూడా నాతో ఏదో పని ఉందనుకున్నాను. నేను కుడికాలు నేల మీద ఆనించడానికే భయపడుతుంటే ఆమె మూడు వారాలు చూసి, ఒకరోజు అంది:

"నేల మీద ఇంతకన్నా ముందుకు పోలేమండీ. నీళ్ళలో నడవండి. రొమ్ము దాకా నీళ్ళుంటే మీ బరువు చాలావరకు నీళ్ళే మోస్తాయి. కాలికి ధైర్యం వస్తుంది."

"కోసిన కాలమ్మా గిది."

"గాటు పూర్తిగా మానిందండీ. మానకముందైతే నేనే వద్దంటాను. మీ ఊళ్ళో ఈత కొలను ఉందా?"

నాకు నవ్వొచ్చింది. "మాకాడ కొలనులేడుంటయమ్మా? బాయిలున్నయి. దిగుడే గని ఎక్కుడుండదు. చెరువున్నది, అండ్ల బురద. బురదలనే నా కాలు వోయింది."

"బురద వద్దు, పారే నీళ్ళూ వద్దు. కింద గట్టిగా, జారకుండా ఉండాలి. ఎండ ఎక్కాక వెళ్ళండి, చల్లటి నీళ్ళకు కాలు బిగుసుకుంటుంది" అని, కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చింది. ముందుకు నడవడం, వెనక్కి నడవడం, పక్కకు నడవడం, ఒంటికాలి మీద నిలబడటం. అన్ని బొమ్మలకూ రొమ్ము దాకా ఒక గీత, అది నీళ్ళు.

నన్ను వదిలించుకోవడానికే ఈ కాగితం ఇచ్చిందనుకున్నాను. ఇంటికొచ్చి చెబితే అవ్వ నెత్తి కొట్టుకుంది. "కోసిన కాలును నీళ్లల్ల నానవెడ్తరా ఎవలన్న? చీము వడ్తది. వద్దు బిడ్డా." మా ఇంట్లో జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా మొదట బంద్ అయ్యేది నీళ్ళే. తల మీద నీళ్ళు పోశారంటే రోగం పోయిందని లెక్క. అలాంటి ఇంట్లో నీళ్ళనే మందంటే ఎవరు నమ్ముతారు? అవ్వా నేనూ ఆ ఒక్క విషయంలో ఏకమయ్యాం. కాగితం మడిచి దూలం సందులో పెట్టేశాను.

సుగుణ దాన్ని తీసింది. నాకు చెప్పకుండా నాలుగు రోజులు ఊరంతా తిరిగింది. ఐదో రోజు అన్నం పెడుతూ అంది: "ఖాదర్ భాయ్ తోటల హౌజున్నది. సిమెంటుది. నీ రొమ్ముల దాకొస్తది. వాళ్లమ్మ రమ్మన్నది."

చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను.

ఖాదర్ ఎవరో చెప్పాలి. ఊరికి మైలున్నర దూరంలో వాళ్ళకు జామతోట, దాని వెనక వరి పొలం ఉన్నాయి. మూడేళ్ళ కిందట అతని చెల్లెలి పెళ్ళికి లైన్ మీద కొక్కేలు వేసి పందిరికి లైట్లు పెట్టారు. నేను వెళ్ళి, పెళ్ళివారు భోజనాలు చేస్తుండగా తీగలు లాగేశాను. పందిరంతా చీకటైంది. ఖాదర్ నా దగ్గరికి వచ్చి, "ఒక్క గంట అన్నా, ఇజ్జత్ కా సవాల్ హై" అన్నాడు. పరువు సంగతి, ఒక్క గంట ఆగమని. నేను ఆగలేదు. చుట్టూ కొత్త బంధువులు నిలబడి ఉన్నారు. తర్వాత అతను సౌదీకి వెళ్ళాడు, వచ్చాడు, హౌజు కట్టించుకున్నాడు. బజారులో ఎదురైనా మేం మాట్లాడుకోలేదు.

అలాంటివాడు ఇప్పుడు తల్లి చేత నన్ను రమ్మనిపిస్తున్నాడు. అది కూడా నీళ్ళలోకి. నీళ్ళ పక్కనే మోటారు. నీళ్ళలో తడిసిన మనిషికి, ఎర్త్ సరిగ్గా లేని మోటారుకు ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాడు ఎల్లారెడ్డిలో లేడు.

"వాడు నన్ను సంపేటందుకు పిలిసిండు" అన్నాను.

సుగుణ గంటె కింద పడేసింది. "సంపనియ్. రోజూ నువ్వు నన్ను సంపుతలేవా? డాక్టరేమన్నడని గుచ్చి గుచ్చి అడుగుతవు గద, ఇను. ఇగ స్తంభం ఎక్కుడు కష్టమే అన్నడు. నీకు చెప్పకుమన్నడు. కడుపుల వెట్టుకోని తిరుగుతున్న. ఇప్పుడు తెలిసింది గద, సల్లవడ్డవా?"

నేను చల్లబడలేదు. నా అనుమానం నిజమైందన్న సంతోషం ఒక్క క్షణం కలిగింది, అది కలిగినందుకు నాకే భయమేసింది. స్తంభం ఎక్కలేకపోతే ఇక మిగిలేది సబ్‌స్టేషన్ కుర్చీ. మర్నాడు పొద్దున రిక్షా పిలవమన్నాను.

దసరా తర్వాత

హౌజు ఒక చిన్న గదంత ఉంది. బావి నీళ్ళు మోటారుతో హౌజులోకి వచ్చి, అక్కడి నుంచి కాలువ గుండా పొలానికి పోతాయి. నా కోసం తూము మూసి నిండా నీళ్ళు నిలిపి ఉంచారు. దిగడానికి లోపల ఒక బండ వేసి, ఈ గోడ నుంచి ఆ గోడకు పట్టుకోవడానికి తాడు కట్టి ఉంది. తాడు రెండు ఇనుప కడ్డీలకు కట్టారు. నేను కడ్డీలు తీసేయించి వెదురు గుంజలు పెట్టించాను. ఖాదర్ ఎదురు చెప్పకుండా పెట్టాడు.

తర్వాత మోటారు గదిలోకి కుంటుకుంటూ వెళ్ళాను. మూడు ఫీజులూ పీకి, తువ్వాలలో మూట కట్టి, మెడలో వేసుకున్నాను. ఖాదర్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"మోటారు బందే ఉన్నది గదన్నా" అన్నాడు.

"ఉండనీ. నా ఆదత్ గిది, పాత అలవాటు."

"అచ్ఛా" అని పక్కకు జరిగాడు. ఆ నవ్వు ఏ రకం నవ్వో నాకు తెలియలేదు.

నీళ్ళలోకి దిగిన మొదటి నిమిషం చెప్పలేను. రొమ్ము దాకా వచ్చాయి. కుడికాలు కింద ఆనించాను. నొప్పి కోసం ఎదురుచూశాను, రాలేదు. నా బరువెక్కడికో పోయింది. నాలుగు నెలల తర్వాత రెండు కాళ్ళ మీద నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఖాదర్ చూస్తాడేమోనని ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాను.

ముందుకు పది అడుగులు, వెనక్కి పది. నీళ్ళు అడ్డం పడుతుంటే వాటిని తోసుకుంటూ నడవాలి. మొదట తాడు పట్టుకుని, తర్వాత వదిలేసి. వారానికి పక్కడుగులు వచ్చాయి. మూడో వారం కుడికాలి మీద ఒంటరిగా ఐదు లెక్కపెట్టే దాకా నిలబడ్డాను. బయటికొస్తే మళ్ళీ కుంటడమే. కానీ ప్రతి వారం కుంటు కొంచెం తగ్గేది. గాటులో చీము పడిందేమోనని అవ్వ రోజూ సాయంత్రం దీపం దగ్గరికి పట్టి చూసేది. నెల తర్వాత చూడటం మానేసింది.

ఖాదర్ వాళ్ళ అమ్మ రోజూ చాయ్ పంపేది. మొదటి రోజు దాన్ని జామచెట్టు మొదట్లో పోశాను. రెండో రోజు రెండు గ్లాసులు వచ్చాయి. ఒకటి తీసుకుని ఆమె నా ముందే తాగి, రెండోది నా చేతికిచ్చి, "పీలో బేటా" అని లోపలికి వెళ్ళిపోయింది.

బడిపిల్లల్ని దింపిన రిక్షా నన్ను ఎక్కించుకునేది కాబట్టి తొమ్మిదికి వెళ్ళేవాణ్ణి. మెల్లగా దిగి, నడిచి, ఒళ్ళు తుడుచుకుని, ఫీజులు మళ్ళీ పెట్టేసరికి పదకొండు. నేను రిక్షా ఎక్కకముందే మోటారు మోగేది. నన్ను సాగనంపడానికి ఎంత తొందరో అనుకునేవాణ్ణి.

జనవరి

చలి బాగా ఉంది. రెండో వారంలో ఒకరోజు ఖాదర్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అన్నా, జర పొద్దుగాల్ల ఏడింటికి రారాదా? లేకుంటే పొద్దుమీకి నాలుగింటికి?"

"ఎందుకు?"

"ఊకెనే అడిగిన."

ఊరికే ఎవరూ అడగరు. మూడు నెలలు లేనిది ఇప్పుడెందుకు? ఏడింటికి రిక్షా దొరకదని, చలికి కాలు బిగుసుకుంటుందని, సాయంత్రమైతే మోకాలు వాస్తుందని చెప్పాను. అన్నీ నిజాలే. కానీ నిజంగా నా మనసులో ఉన్నది వేరు. నేను బాగవుతున్నానని ఇతనికి కంటగింపుగా ఉందనుకున్నాను. అతను నా మెడలోని మూట వైపు ఒకసారి చూసి, "సరే తీ అన్నా, తొమ్మిదింటికే రా" అన్నాడు.

ఇంటికెళ్ళి సుగుణతో అన్నాను, ఇతను నన్ను మెల్లగా తప్పించాలని చూస్తున్నాడని. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "ఆయన మనసుల ఏమున్నదో నాకు తెల్వది. నీ కాలు మీద నువ్వు నిలవడ్డవు. నాకది సాలు."

ఆ నెలాఖరుకు నేల మీద కర్ర లేకుండా నడిచాను. కామారెడ్డి వెళ్ళి ఆ అమ్మాయికి చూపించాను. నా మోకాలు పట్టి లాగి చూసి, "గట్టిగా పట్టిందండీ" అంది. మెట్లు ఎక్కించింది, దించింది. రోజూ నీళ్ళు మానొద్దంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినట్టు అనిపించింది. అప్పుడు మాత్రం అనుమానించలేదు.

ఫిబ్రవరి

సెలవు ముగిసిన రోజు పొద్దున ఏడున్నరకు ఆఫీసుకు వెళ్ళాను. లైన్ ఇన్‌స్పెక్టరు, సత్యం సిద్ధంగా ఉన్నారు. ఖాదర్ తోట వైపు రోడ్డు మీద ఒక స్తంభానికి తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నె పగిలిందట, దాన్ని మార్చాలి. "పరీక్ష అనుకోకు, పని అనుకో" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎనిమిదిన్నర కల్ల దిగాలె. బాయిల కరెంటు ఇప్పుడు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకనే. జనవరి సంది గంతే. మిగిలింది రాత్రిస్తున్నం, గది మోటార్లకు సాల్తలేదు. జర లేటైతే రైతులు మీద వడ్తున్నరు."

విన్నాను. విని తల ఊపాను. నా ధ్యాసంతా మోకాలి మీద ఉంది.

ఫీజులు పీకి మెడలో వేసుకున్నాను. సత్యం కింద నిలబడి స్తంభం పట్టుకున్నాడు. ఎడమకాలు, కుడికాలు. కుడికాలి మీద బరువు పడినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను. సగం ఎక్కాక ఒళ్ళంతా చెమట. "నిమ్మళం అన్నా, తొందరేం లేదు" అని కింద నుంచి సత్యం గొంతు. మోకాలు వణికింది కానీ జారలేదు. పైకి చేరి, నడుముకు బెల్టు బిగించి, పింగాణీ గిన్నె మార్చాను. చేతులకు పని గుర్తుంది. కిందికి చూసి నవ్వాను. ఇన్‌స్పెక్టరు చేయి ఊపాడు.

అప్పుడు తల తిప్పి చుట్టూ చూశాను. ఎనిమిది నెలలుగా ఊరిని అంత ఎత్తు నుంచి చూడలేదు. ఖాదర్ తోట కనిపించింది. హౌజు, జామచెట్లు, వాటి వెనక వరి. హౌజు దగ్గర నుంచి ఆ వరి నాకు ఎప్పుడూ కనపడలేదు, గట్ల మీద నడిచే కాలు నాకు లేదు. ముందున్న మూడు మళ్ళు పచ్చగా ఉన్నాయి. వెనక నాలుగు మళ్ళు గడ్డివాము రంగులో ఉన్నాయి. నాటు వేసి నెలన్నర కాలేదు, పైరు నిలువునా ఎండిపోయింది. నేల పగుళ్ళు స్తంభం మీదికి కూడా కనిపిస్తున్నాయి.

బావిలో నీళ్ళు లేవా అనుకున్నాను. ఉన్నాయి, రోజూ చూస్తున్నాను. మోటారు చెడిందా? లేదు, రోజూ వింటున్నాను. పదకొండింటికి.

తొమ్మిది నుంచి పన్నెండు. నేను తొమ్మిదికి ఫీజులు పీకి, పదకొండుకు పెడుతున్నాను. రాత్రి వచ్చిన కొద్ది కరెంటుతో ఎక్కిన నీళ్ళు కూడా తూము మూసుకుని నా కోసం నిలబడి ఉన్నాయి. ఏ ఊరికి ఏ వేళ కరెంటు వస్తుందో నిద్రలో లేపినా చెప్పగలిగిన లైన్‌మన్‌ను, ఆ ఒక్క సంగతి ఎవరినీ అడగలేదు. ఒక్కొక్క అడుగే దిగాను. చివరి మూడడుగులు దూకలేదు.

"ఎక్కినవు పో. రేపటి సంది డ్యూటీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. సత్యం నన్ను కావలించుకున్నాడు. సంతోషించాల్సిన వేళ అది, కానీ నా కళ్ళు తోట వైపే ఉన్నాయి. ఫీజులు సత్యం చేతికిచ్చి, నడుచుకుంటూ తోటకు వెళ్ళాను.

ఖాదర్ కాలువ గట్టు మీద పారతో మట్టి ఎగదోస్తున్నాడు. నన్ను చూసి పార ఆపాడు. "ఎక్కినవా అన్నా? అమ్మీ పొద్దుగాల్ల సంది దువా చేస్తున్నది."

"ఎక్కిన. ఎనక మళ్లు ఎండినయి, ఖాదర్ భాయ్."

"ఎండినయి."

"నా వల్లనే గద?"

అతను పారకు అంటిన మట్టి దులిపాడు.

"ఒక్క మాట చెప్తే ఏం వోతుండె?" గట్టిగానే అరిచాను. తప్పు నాదైతే గొంతు పెద్దదవుతుంది. "నాకు తెల్వదు, కరెంటు మూడు గంటలే వస్తున్నదని నాకెవరు చెప్పలె."

"ఎట్ల చెప్పుదన్నా?" ఖాదర్ పార భుజాన వేసుకున్నాడు. "ఫీజులియ్యి, మోటారు నడుపుకుంట అని నేనంటె నువ్వేమనుకుందువు? నన్ను నీళ్లల్ల దింపి కరెంటు వెడ్తనంటున్నడు అనుకుందువు. తెల్లారి సంది రాకపోదువు. అప్పటికి నువ్వింక కర్ర ఇడిసిపెట్టలె. యాల మార్సుకోమని ఒకపారి అడిగి సూసిన. నువ్వు నా మొకమట్ల సూస్తివి, ఇగ నోరు మూసుకున్న. వరిదేమున్నది, వానకాలం మళ్ల నాటేస్త."

అతను మళ్ళీ మట్టి ఎగదోయడం మొదలుపెట్టాడు. అలా కాదని, నేనంత చెడ్డవాణ్ణి కాదని చెప్పాలని నోరు తెరిచాను. కానీ ఖాదర్ చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఒక్క మాట అతను జనవరిలో అని ఉంటే, నేను ఆ రోజే హౌజులోంచి బయటికొచ్చి, ఒళ్ళు కూడా తుడుచుకోకుండా రిక్షా ఎక్కి, ఇంటికెళ్ళి సుగుణతో, "సూసినవా, నేను ముందుగాలనే చెప్పలే?" అనేవాణ్ణి.